ఎనిమిదో చప్పుడు

ఎనిమిది పేలాయని చెప్పింది నేనే. ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగినవన్నీ ఆ ఒక్క మాటతోనే మొదలయ్యాయి కాబట్టి ముందు ఆ మాట చెప్పేస్తున్నాను. నాన్చి చెప్పే అలవాటు నాకు లేదు.

మా ఆయన రాతి క్వారీలో మందు మేస్త్రి. బండలో తొలిచిన బెజ్జాల్లో మందు కూరి, వత్తులు పెట్టి, అంటించి పేల్చడం ఆయన పని. ఆ బెజ్జాలు తొలిచేది మా తమ్ముడు. పేలిన చప్పుళ్ళు లెక్కపెట్టేది నేను. నవ్వకండి, అదీ ఉద్యోగమే. ఎనిమిది బెజ్జాల్లో మందు పెడితే ఎనిమిది చప్పుళ్ళు వినబడాలి. ఏడే వినబడ్డాయంటే ఒకటి పేలకుండా రాతి కింద బతికే ఉందని అర్థం. అప్పుడు ఎర్రజెండా దించకూడదు, ఎవరూ గుంతలోకి దిగకూడదు. వత్తులు అంటించిన మేస్త్రి ఇనుప రేకు కప్పిన గోతిలోకి దూరి, చెవుల్లో దూది కుక్కుకుని కూర్చుంటాడు. ఆయనకు పేలుతున్నాయని తెలుస్తుంది గానీ ఎన్ని పేలాయో తెలియదు. అందుకే దూరంగా గట్టు మీద రేకుల గదిలో ఒక మనిషి కూర్చుని లెక్కపెట్టాలి. పదకొండేళ్ళుగా ఆ మనిషిని నేనే.

నావి పాము చెవులు. పోయిన మా అత్తగారు నేను కాపురానికొచ్చిన వారానికే ఆ సంగతి కనిపెట్టింది. "పక్కింటి పిల్లి పాలు తాగినా దీనికి వినిపిస్తుంది. దీని ముందు గుసగుసలాడటం దండగ, గట్టిగానే తిట్టుకుందాం" అనేది కూతురితో. ఆ చెవులే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టాయి. వాటి మీద నాకు గర్వం కూడా ఉండేది. ఉండేదని ఎందుకంటున్నానో మీకే తెలుస్తుంది.

మా ఆయన పని పద్ధతిగా ఉండేది. ఒక్కో వత్తినీ దాని ముందుదాని కంటే వేలు మందం పొడుగ్గా కోసేవాడు. దాంతో మందు ఒకదాని వెనక ఒకటి పేలేది. మధ్యలో 'ఒకటి, రెండు' అనుకునేంత ఎడం ఉండేది, అంతకంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. లెక్కపెట్టడానికి అంత వీలుగా పేల్చే మేస్త్రి ఇంకొకడు లేడని గుత్తేదారే అనేవాడు.

ఆ ఏడు ఎండలు ముదిరే రోజుల్లో గుంతకు అవతలి వైపున్న చరియను గుత్తేదారు కోత యంత్రం పెట్టించి కోయించాడు. అంతకుముందు అది పొదలూ మట్టీ నిండిన ఏటవాలు నేల. యంత్రం పనిచేసిన మూడు వారాలూ మందు పేల్చడం ఆపేశారు. పని ముగిసేసరికి అక్కడ మూడంతస్తుల మేడంత రాతి గోడ లేచింది. సబ్బు బిళ్ళను దారంతో కోసినట్టు నున్నగా ఉంది.

"అద్దం కొనక్కర్లేదక్కా, అక్కడికెళ్ళి తల దువ్వుకోవచ్చు" అన్నాడు మా తమ్ముడు.

"నీ మొహానికి అంత పెద్ద అద్దం ఎందుకురా?" అన్నాను.

మూడు వారాల తర్వాత మొదటి పేలుడు మధ్యాహ్నం అన్నాల వేళకు పెట్టారు. ఎనిమిది బెజ్జాలు. మా ఆయన పుస్తకంలో ఎనిమిదని రాసి, సంతకం చేసి, గుంతలోకి దిగాడు. తమ్ముడు నా పక్కన రేకుల గదిలో తలుపు దగ్గర నిలబడ్డాడు. కూలీలందరూ గట్టు వెనక్కి పోయారు. నేను ఎర్రజెండా ఎత్తాను.

మొదటిది పేలింది. బొటనవేలు ముడిచాను. రెండోది. మూడోది. వేళ్ళు ముడుచుకుంటూ వస్తున్నాను. ఒక్కోటీ ఠంచనుగా తన సమయానికి వస్తోంది. ఐదు, ఆరు, ఏడు. ఒకటి, రెండు అనుకునేసరికి ఎనిమిదోది కూడా వచ్చింది. అయితే మిగతావాటి కంటే కాస్త మెత్తగా వచ్చింది.

"చివరిది చప్పగా ఉందేంటి?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు లోతు తక్కువ తొలిచి ఉంటావు. అన్నం వేళకి నీకు చెయ్యి ఆడదు కదా."

"నా పనికి వంక పెట్టందే నీకు పొద్దు గడవదు."

"బద్ధకానికి వంక పెడుతున్నాను, పనికి కాదు."

వాడు నవ్వాడు. పొగ తేలిపోయేదాకా ఆగి నేను ఎర్రజెండా దించి తెల్లజెండా ఎత్తాను. వాడు గడ్డపార భుజానేసుకుని దిగిపోయాడు. వదులైన రాళ్ళు కదపడానికి మొదట దిగేది ఎప్పుడూ వాడే.

నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. వాడు మూల బండ దగ్గర గడ్డపార పోటు వేశాడు. నేల లేచింది. దుమ్మూ, రాళ్ళూ, వాడి గడ్డపారా పైకి లేచాయి, వాడు వెనక్కి పడ్డాడు. నాకు మాత్రం అప్పటికి ఏమీ వినబడలేదు. గుంతకీ నా గదికీ మధ్య అంత దూరం ఉంది మరి. చప్పుడు గాలిలో నడిచి రావాలి. ఎంతసేపు, ఒక రెప్పపాటు. ఆ రెప్పపాటులో నా తమ్ముడికి ఏమైందో నా కళ్ళకు తెలిసిపోయింది, చెవులకు ఇంకా తెలియదు. చెవుల దగ్గర అది ఇంకా మామూలు మధ్యాహ్నమే. ఎవరో గిన్నె మూత తీస్తున్న చప్పుడు కూడా వినబడింది. ఆ తర్వాత వచ్చింది, రేకులు అదిరేలా. నేను తెల్లజెండా పట్టుకుని అలాగే కొయ్యబారిపోయాను. నన్ను కిందికి తీసుకెళ్ళింది ఎవరో నాకిప్పటికీ గుర్తు లేదు.

వాడు బతికాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. రెండు కళ్ళూ పోయాయి. ఆ ఏడే పెళ్ళి చేద్దామనుకుంటున్న పిల్లాడు.

మూడో రోజు తనిఖీ అధికారి వచ్చి గుత్తేదారు ఆఫీసు గదిలో కూర్చున్నాడు. సన్నగా, ఓపికగా మాట్లాడే మనిషి. ముందు మా ఆయన్ని అడిగాడు.

"ఎన్ని బెజ్జాల్లో మందు పెట్టావు?"

"ఎనిమిదండీ."

నా వైపు తిరిగాడు. "ఎన్ని విన్నావమ్మా?"

"ఎనిమిది."

"ఎనిమిది పెట్టి ఎనిమిదీ పేలితే, ఆ అబ్బాయి కింద పేలింది ఎక్కడిది? ఆకాశం నుంచి ఊడిపడిందా?"

ఆయన నన్నే చూస్తూ, "చెవి పొరబడిందేమో, ఆలోచించుకో" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "పదకొండేళ్ళలో నా లెక్క ఒక్కసారి తప్పలేదండీ. కావాలంటే పుస్తకాలు తీసి చూసుకోండి. ఎనిమిది విన్నాను. ఎక్కడైనా అదే చెప్తాను" అన్నాను.

అన్నాక గాని నాకు తట్టలేదు. నా చెవి తప్పలేదంటే, తప్పింది మా ఆయన చెయ్యే. ఆయన వైపు చూశాను. ఆయన తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

వారం తర్వాత మళ్ళీ పిలిచారు. ఈసారి అధికారి అడగకముందే మా ఆయన లేచి నిలబడ్డాడు.

"తొమ్మిది పెట్టానండీ. ఒకటి రాయడం మర్చిపోయాను."

పిడుగు పడ్డట్టయింది అనే మాట చాలామంది చాలా తేలిగ్గా వాడతారు. నాకు ఆ రోజు నిజంగానే చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడలేదు. అధికారి పెదవులు కదులుతున్నాయి, గుత్తేదారు తల ఊపుతున్నాడు, మా ఆయన వేలిముద్ర వేసినంత శ్రద్ధగా సంతకం పెడుతున్నాడు. ఆయన లైసెన్సు రద్దు చేశారు. కేసు పైకి పంపుతామన్నారు.

బయటికొచ్చాక దారి మధ్యలో ఆపాను.

"నా తమ్ముడి కళ్ళు నీ మతిమరుపుకి పోయాయా?"

ఆయన పక్కకు తప్పుకుని నడవబోయాడు.

"చెప్పు. మొదటి రోజు ఎనిమిదన్నావు, ఇవాళ తొమ్మిదంటున్నావు. ఏది నిజం?"

"ఇంటికి పద" అన్నాడు.

తేలు కుట్టిన దొంగ అరవలేడని అప్పుడనుకున్నాను. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను కూడా. నాకు కోపం వస్తే లోపల ఉంచుకోవడం రాదు.

తమ్ముణ్ణి ఆస్పత్రి నుంచి మా ఇంటికే తెచ్చుకున్నాను. ఉన్నవి రెండు గదులు. లోపలి గది వాడికిచ్చాను, ముందు గదిలో నేను, వసారాలో మా ఆయన. ఆయన బస్తాలు మోసే పనిలో చేరాడు. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. కంచం వసారాలోకే తోసేదాన్ని. తోసేటప్పుడు అది నేలకు తగిలి మోగేలా తోసేదాన్ని. తిన్నావా అని ఆయనా అడగలేదు, చాలా అని నేనూ అడగలేదు.

తమ్ముడికి మాత్రం రెండు పూటలా నేనే కలిపి తినిపించేదాన్ని. ఎడమచేత్తో తినరా అంటే సిగ్గుపడేవాడు, అన్నం ఒళ్ళో పడుతుందని. కొద్ది రోజుల్లోనే ఇంట్లో చప్పుళ్ళన్నీ వాడికి లెక్క వచ్చేశాయి. ఎవరి అడుగు ఏదో, ఏ తలుపు ఎంత తెరిచి ఉందో చెప్పేవాడు. రోజూ సాయంత్రం మా ఆయన కాళ్ళు కడుక్కుని లోపలి గది గుమ్మం దాకా వచ్చి నిలబడేవాడు. తమ్ముడు ఆ అడుగు వినగానే గోడవైపు తిరిగి పడుకునేవాడు. కాసేపు నిలబడి ఆయన వెళ్ళిపోయేవాడు.

"మళ్ళీ వచ్చాడా?" అనేవాడు తమ్ముడు.

"వచ్చాడు. వెళ్ళాడు."

"తొమ్మిదోది నేను తొలవలేదక్కా. నాకు బాగా గుర్తు. మరి ఆయన ఎక్కడ పెట్టాడు?"

"దొంగ మందు ఏ పగుల్లో కూరాడో ఎవరికి తెలుసు" అన్నాను. కట్టుకున్న మొగుణ్ణి, నా ఇంట్లో, నా నోటితోనే అన్నాను.

ఇలా నెల దాటింది. క్వారీ ఇంకా తెరవలేదు. లెక్క గదిలో నా సామాను ఏమైనా ఉంటే తీసుకుపొమ్మని గుత్తేదారు కబురుపెట్టాడు. కుర్చీ మీద వేసుకునే పాత దుప్పటి, నీళ్ళ కూజా, రెండు జెండాలు, అంతే. ఎండ మాడ్చేస్తోంది. అంత పెద్ద క్వారీలో ఒక్క పిట్ట కూడా లేదు. సామాను బయట పెట్టి, ఆ గది మీదున్న అసహ్యమంతా చేతిలోకి తెచ్చుకుని రేకు తలుపు విసిరికొట్టాను.

ధన్‌మంది.

నేను వెనక్కి తిరిగాను. ఒకటి, రెండు అనుకునేంతలో మళ్ళీ ధన్‌మంది, కాస్త మెత్తగా.

ఎవరో ఉన్నారనుకున్నాను. చుట్టూ చూశాను. పిలిచాను. ఎవరూ లేరు. ఎదురుగా, గుంతకు అవతల, ఆ నున్నటి గోడ ఎండలో మెరుస్తూ నిలబడి ఉంది.

తలుపు తీసి మళ్ళీ కొట్టాను. మళ్ళీ రెండు. ఎడం అంతే. మా ఆయన వత్తికీ వత్తికీ మధ్య పెట్టే ఎడం. పదకొండేళ్ళు వేళ్ళు ముడిచిన దాన్ని, ఆ ఎడం నా ఒంట్లో ఉంది, నేను పొరబడను.

అప్పుడు ఇంకో పని చేశాను. ఎందుకు చేశానో తెలియదు, చెయ్యకుండా ఉండలేకపోయాను. ఒకటి, రెండు అనుకుంటూ, మధ్యలో అంతే ఎడమిస్తూ, తలుపును ఏడుసార్లు కొట్టాను. గోడ నుంచి తిరిగొచ్చే ప్రతి చప్పుడూ నేను కొట్టే తర్వాతి దెబ్బ కింద పడి మునిగిపోయింది, ఒక్కటీ విడిగా వినబడలేదు. ఏడోది కొట్టి ఆగాను. ఏడోదాని తర్వాత దాన్ని ముంచే దెబ్బ లేదు. ఎనిమిదోది దానంతటదే వచ్చింది. మెత్తగా, చప్పగా, ఠంచనుగా తన సమయానికి వచ్చింది.

గోడలకు చెవులుంటాయని విన్నాను గాని నోరుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. పొదలున్నన్నాళ్ళూ ఆ చరియ చప్పుడంతా మింగేసింది. గోడ చేశాక తిరగ్గొట్టింది. ఆ రోజు పేలింది ఏడే. ఎనిమిదోది మూల బండ కింద బతికే ఉంది. నేను తెల్లజెండా ఎత్తాను. తమ్ముడు నవ్వుతూ దిగాడు.

ఆ మండే బండ మీదే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. మాటిమాటికీ నా చేతి వేళ్ళు ముడుచుకుంటున్నాయి, ఒకటి, రెండు, మూడు అంటూ, నేను వద్దంటున్నా. నా తమ్ముడి కళ్ళు తీసింది నేను. నెలరోజులుగా కంచం విసిరింది నిర్దోషికి. ఈ రెండిట్లో ఏది ముందు మింగాలో తెలియలేదు.

ఇల్లు చేరేసరికి మా ఆయన వసారాలో కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. ఎదురుగా నిలబడ్డాను.

"ఎనిమిదోది గోడ" అన్నాను.

సూది ఆగింది. ఆయన తల ఎత్తలేదు.

"తెలుసు."

నేను ఆయనకు ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఎప్పట్నుంచి?"

"నాలుగో రోజు. నేను పెట్టింది ఎనిమిదేనని నాకు తెలుసు. నీ చెవి తప్పదనీ తెలుసు. ఇద్దరం నిజమే చెప్తున్నాం కదా, మరి ఎక్కడొచ్చింది తేడా అని వెళ్ళి నీ గది దగ్గర రాయితో రేకు కొట్టి చూశాను."

"చూసి, తొమ్మిదని సంతకం పెట్టావా?"

"ఏదో ఒకటి తేలాలి కదా. తేలకపోతే ఆ అధికారి తవ్వుతూనే ఉంటాడు. తవ్వితే నీ దగ్గరికే వస్తుంది."

"నాకైనా చెప్పొచ్చుగా. నిన్ను అన్ని మాటలన్నాను, దొంగన్నాను..."

"నువ్వు రోజూ వాడికి అన్నం తినిపిస్తున్నావు" అన్నాడు, గొంతు తగ్గించి, లోపలికి వినబడకుండా. "ఈ సంగతి తెలిస్తే నీ చెయ్యి వణుకుతుంది. నీ చెయ్యి వణికితే వాడు పస్తుంటాడు. వాడు బావని తిట్టుకుని బతుకుతాడు. అక్కని తిట్టుకుని బతకలేడు. వదిలెయ్. క్వారీ తెరిచేలోపు ఆ గోడ సంగతి గుత్తేదారుతో నేను ఎలాగోలా చెప్తాను. వాడికి మాత్రం చెప్పకు."

పన్నెండేళ్ళ కాపురంలో ఆయన ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయన చేతిలోంచి ఆ చెప్పు తీసుకుని మిగతాది నేను కుట్టాను. వంకరటింకరగా వచ్చింది.

మర్నాడు ఆయన పనికి వెళ్ళగానే నేను తనిఖీ ఆఫీసుకు వెళ్ళాను. అధికారి ఫైలు మూసేశానన్నాడు. మూసిన ఫైలు తెరవడానికి తాళంచెవి అక్కర్లేదు కదండీ, ఒకసారి వచ్చి వినండి, వినడానికి మీకేం ఖర్చు అన్నాను. వస్తాననేదాకా అక్కడినుంచి లేవలేదు. వచ్చాడు. గట్టు మీద కళ్ళు మూసుకోమన్నాను, వేళ్ళు ముడవమన్నాను, ఏడు కొట్టాను.

"ఎన్నండీ?"

"ఎనిమిది" అని కళ్ళు తెరిచాడు. నా మొహం చూశాడు. గోడ వైపు చూశాడు. "మళ్ళీ కొట్టమ్మా" అన్నాడు. మళ్ళీ కొట్టాను. అప్పుడు కాగితం తీసి రాసుకున్నాడు, నేను సంతకం పెట్టాను. మా ఆయన లైసెన్సు తిరిగి రావడానికి చాలా తిరగాల్సొచ్చింది గాని, వచ్చింది.

ఆ సాయంత్రం తమ్ముడి దగ్గర కూర్చున్నాను. కాగితం మీద రాసినంత తేలిగ్గా నోటికి రాలేదు.

"ఆ రోజు పేలింది ఏడేరా. ఎనిమిదోది గోడకు కొట్టుకుని తిరిగొచ్చిన చప్పుడు. నేను దాన్ని లెక్కపెట్టాను. నీ బావ తొమ్మిది పెట్టలేదు. ఎనిమిదే పెట్టాడు."

"బావకి తెలుసా?" అన్నాడు వాడు.

"నాలుగో రోజు నుంచి."

వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతకు ముందు మా ఆయన కోసం తిరిగేవాడు, ఈసారి నా కోసం తిరిగాడు. ఆ పూట అన్నం వద్దన్నాడు. నేనూ తినలేదు. గుమ్మంలో నిలబడిన మా ఆయన మా ఇద్దర్నీ చూసి ఏం జరిగిందో తెలుసుకున్నాడు. నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టాడు.

పొద్దున్నే అన్నం కలుపుకుని వెళ్ళాను. వాడు లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముద్ద నోటి దాకా తీసుకెళ్ళాను. మా ఆయన చెప్పినట్టే అయింది. చెయ్యి వణికిపోయింది. ముద్ద వాడి గడ్డం మీద పడి ఒళ్ళోకి జారింది. ఇంకో ముద్ద తీశాను, అదీ జారింది. మూడోది తియ్యలేకపోయాను. కంచం పట్టుకుని అలాగే ఉండిపోయాను.

వాడు ఎడమచెయ్యి చాపాడు. గాలిలో తడుముకుంటూ వచ్చి ముందు నా మోచెయ్యి దొరకబుచ్చుకున్నాడు, అక్కడినుంచి మణికట్టు, అక్కడినుంచి కంచం. కంచం లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళతో మెతుకులు కూడదీసి, సగం ఒలకబోసుకుంటూ, తనంతట తనే ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగాడు.

"ఉప్పెక్కువైంది" అన్నాడు.

నాకు ఏడుపు అప్పుడొచ్చింది, నెలకు సరిపడా.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని, బావ ఇంకా పనికి వెళ్ళలేదు కదా, వసారాలో తచ్చాడుతున్నాడు" అన్నాడు వాడు, చేత్తో ఇంకో ముద్ద వెతుక్కుంటూ. "లోపలికి రమ్మను. వచ్చి నా పక్కన కూర్చుని తినమను."